చార్ కా బాజా

మా బ్యాండులో నాది బాస్. పుస్తకాల్లో దాన్ని ట్యూబా అంటారు. మా వాళ్లు బడా బాజా అంటారు. పెళ్లికి వచ్చినవాళ్లు ‘గా బిందె లెక్క ఉన్నది’ అంటారు. ముప్ఫై ఏళ్లు దాన్ని భుజాన వేసుకుని శాలిబండ చుట్టుపక్కల గల్లీలన్నీ నడిచాను. ఇన్ని పెళ్లిళ్లలో ఒక్క పెళ్లికొడుకు మొహం కూడా సరిగ్గా చూడలేదు. నా మొహానికీ పెళ్లికొడుకుకూ మధ్య ఎప్పుడూ ఇత్తడి ఉండేది.

పొద్దున పూట నేను నల్లా నీళ్లు వదిలే మనిషిని. బస్తీ మూల మీద గుంతలో దిగి వాల్వు తిప్పుతాను, నీళ్లు వస్తాయి. గంట తర్వాత మళ్లీ తిప్పుతాను, ఆగిపోతాయి. తిప్పినందుకు ఇంతవరకు ఎవరూ మెచ్చుకోలేదు. తిప్పడం ఆలస్యమైతే మటుకు మా ఇల్లు ఎక్కడో అందరికీ గుర్తొస్తుంది. బాజాకు కూడా వాల్వులుంటాయి, మూడు. వాటితో నాకు పెద్దగా పని పడలేదు. పెళ్లి బ్యాండులో బాస్ వాడు ఊదేది ముక్కాలు భాగం రెండే స్వరాలు: స, ప, స, ప. నా పాత బాజాలో ఆ రెండూ ఏ వాల్వూ నొక్కకుండానే, ఒట్టి పెదవుల బిగింపుతో పలికేవి. అట్లా ఊదడాన్ని మేం ‘ఖాళీ’ అంటాం. ముప్ఫై ఏళ్లు నేను ఖాళీగానే బతికాను. జనం నన్ను కళాకారుడన్నారు.

రెండేళ్ల కింద వానాకాలంలో నాకు నిమ్ము చేసింది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఎక్స్‌రే లైటుకు పెట్టి ఎడమవైపు కింది భాగం చూపించింది. నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంది.

“ఏం పని చేస్తవ్?” అంది.

“నల్లా ఇడుస్త మేడం. బాజా ఊదుత.”

“నల్లా ఇడువు. బాజా ఇడిసిపెట్టు.”

ఆమె నవ్వలేదు. అందుకని నేనూ నవ్వలేదు. చిన్న బాజా అయితే ఊదొచ్చా అని అడిగాను. ఎంత చిన్నది అంది. చేతులు చాపి ముందు గంగాళం అంత చూపించాను. ఆమె మొహం చూసి తర్వాత గిన్నె అంత చూపించాను.

“ఆయాసం రాకుంటే ఊదుకో. వస్తే ఆపు. జరమొచ్చిన నాడు మటుకు ముట్టొద్దు, పండుకో,” అని చీటీ మీద కూడా రాసిచ్చింది. ఇంగ్లీషులో రాసింది కాబట్టి పూర్తిగా నమ్మాను.

నెల తర్వాత మా బ్యాండు గదికి పోయాను. శాలిబండలో ఒక ఇంటి మెట్ల కింద ఉంటుంది ఆ గది. మా ఉస్తాద్ అక్కడే ఉన్నాడు. బ్యాండు ఆయనదే. డెబ్బై దాటిన మనిషి, క్లారినెట్ ఊదుతాడు, నాకు బాజా నేర్పింది ఆయనే. నేను నా పాత బాజా ఎత్తుకుని స, ప, స, ప అని మొదలుపెట్టాను. ఒక్కో ఊదును మేం దెబ్బ అంటాం, ఎనిమిదో దెబ్బకు కళ్ల ముందు చీకటి వచ్చింది. బాజా పట్టుకునే గోడకు ఆనుకున్నాను. ఉస్తాద్ వచ్చి బాజా నా భుజం మీంచి దించాడు. తర్వాత, “తాళాలు పట్టు మియా, ఆరాంగుంటది,” అన్నాడు.

తాళాలు కొట్టడం తక్కువ పని అని నేననను. కానీ మా బ్యాండులో తాళాలు ఎవరికిస్తారో నాకు తెలుసు. ఇంకేదీ చేతకానివాడికి ఇస్తారు, లేదా ఉస్తాద్ బంధువుకిస్తారు. నేను ఉస్తాద్ బంధువును కాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. నల్లా మనిషిగా నన్ను బస్తీ అంతా తిడుతుంది. బాజా మనిషిగా కనబడితే అదే బస్తీ కిటికీల్లోంచి చూసి నవ్వుతుంది. నాకున్న మర్యాద అంతా ఆ రెండోదాంట్లోనే ఉంది. అది పోతే నేనేం కావాలి అనిపించింది. ఆ మాట మా ఆవిడతో కూడా అన్నాను. ఆమె, “తింటే గదా ఊదేది,” అని పప్పు వేసింది.

ఉస్మాన్‌గంజ్ వెనక సందులో ఒక సేటు దుకాణం ఉంది. ముందంతా హార్మోనియాలు, ఢోలక్‌లు. లోపల, అటకల మీద, పాత బ్యాండు సామాను. ఆయనకు ఫోన్ చేశాను. నాకు కావలసింది మా శృతిలోనే ఉండే కాస్త చిన్న బాజా. చిన్న బాజాలో మూడు వాల్వులుంటే కింది స్వరాలు సరిగ్గా పలకవు, నాలుగున్నది తీసుకోమని మా రిపేరు మనిషి చెప్పాడు. అందుకని, “సేటూ, బాస్ కావాలె. ఛోటా. చార్ కా,” అన్నాను.

అవతల సేటు గొంతు ఒక్కసారి లేచింది.

“చార్ కా? పక్కా?”

“పక్కా.”

“భాయ్, ఇయ్యాల్నే రా. నువ్వచ్చేదాంక దుకాణం బంద్ చెయ్య.”

ఇక్కడ మా ఊరి లెక్క ఒకటి చెప్పాలి. హార్మోనియం పట్టినవాళ్లు శృతికి పేరు పెట్టేది మెట్లు లెక్కబెట్టి. నల్లమెట్లలో ఐదోది ‘కాలీ పాంచ్’. తెల్లమెట్లలో నాలుగోది ‘సఫేద్ చార్’. పెళ్లి బ్యాండు అంటే కాలీ పాంచే. మా క్లారినెట్లు, కార్నెట్లు, నా పాత బాజా, అన్నీ దానికే పుట్టాయి. నేను చార్ అన్నది నాలుగు వాల్వులని. హార్మోనియాలు అమ్ముకునే సేటుకు వినబడింది సఫేద్ చార్ అని. ఆ శృతి బాస్ మా దిక్కు ఎవరూ పట్టరు. అట్లాంటిది ఆయన దగ్గర సరిగ్గా ఒకటే ఉంది, మూడేళ్లుగా అటక మీద ఉంది.

“ఏదో పెద్ద శహర్‌ల దొరల బ్యాండుదంట,” అన్నాడు సేటు, నిచ్చెన మీద నుంచి దాన్ని దించుతూ. “ఇన్నొద్దులకు చార్ అడిగెటోడు దొరికిండు. నువ్వు ఫోన్ పెట్టినంక దేవునికి మొక్కిన.”

దానికి నాలుగు వాల్వులు కూడా ఉన్నాయి. అంటే నేను చెప్పిందీ నిజమే, ఆయన విన్నదీ నిజమే. కొట్లాడటానికి దారి లేకుండా పోయింది. సంగతి విడమరచి చెప్తే సేటు నిచ్చెన మీదనే కూర్చుండిపోయాడు. తర్వాత దిగి, మంచివాడు కాబట్టి, కాలీ పాంచ్‌లో కొంచెం చిన్నది ఇంకొకటి కూడా తీశాడు. “రెండూ ఊదు. ఏది కావాల్నో నువ్వే చెప్పు,” అన్నాడు.

ముందు కాలీ పాంచ్ ఊదాను. నాకు అలవాటైన స, అలవాటైన ప. పదో దెబ్బకు స్టూలు వెతుక్కున్నాను. కాసేపాగి సఫేద్ చార్ ఎత్తుకున్నాను. పాతది మా అన్న పెంచే బర్రెదూడంత బరువుండేది, ఇది అంత లేదు. నలభై దెబ్బలు ఊదాను. సందులో ఒక ట్రాలీ ఆటో వాడు ఆగి విన్నాడు, పోయాడు. ఇంకో నలభై ఊదాను. కళ్ల ముందు దుకాణం దుకాణంలాగే ఉంది. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషం నా పెళ్లినాడు కూడా కలగలేదు. ఈ మాట మా ఆవిడకు తెలుసు.

స్వరాలు మటుకు ఎక్కడివక్కడ లేవు. ఖాళీగా ఊదితే ప పలుకుతుంది, అది బాగానే ఉంది. స అనుకుని ఖాళీగా ఊదితే రి పలుకుతుంది. మొదటి వాల్వు చూపుడువేలితో నొక్కితేనే స. కింది స కావాలంటే మొదటిదీ నాలుగోదీ కలిపి నొక్కాలి. అంటే యాభై మూడేళ్ల వయసులో నాకు వేళ్లు అవసరమయ్యాయి. సేటు, “మార్చుకుంటనంటే మార్చుకో, మీరట్ నుంచి తెప్పిస్త, రెండు మూడు నెలలైతది,” అన్నాడు. వద్దన్నాను. ఊపిరి ఎక్కడినుంచీ తెప్పించలేం, వేళ్లకైతే నేర్పించుకోవచ్చు అనుకున్నాను.

మర్నాడు ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని చూశాడు.

“ఖాళీ ఊదు,” అన్నాడు. ఊదాను. ఆయన క్లారినెట్ మీద మా స పట్టాడు. రెండూ కలిపి వింటే గదిలో ఉన్నవాళ్లంతా మొహం పక్కకు తిప్పుకున్నారు.

“క్యా హై యే?”

“సఫేద్ చార్, ఉస్తాద్.”

“కైకు?”

చెప్పాను. ఎనభై దెబ్బల సంగతి కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు కానీ ఒప్పుకోలేదు. మా బ్యాండులో ఒక ఖాయిదా ఉంది. ఎవడి బాజా అయినా ఇంకొకడు ఊదగలగాలి. అందరివీ ఒకే శృతి, ఒకే వేళ్లు. మనిషి ఆగినా పెళ్లి ఆగదు కదా. ఒకసారి కార్నెట్ వాడికి పన్ను పీకితే నేను కార్నెట్ పట్టాను, తాళాల వాడు నా బాస్ పట్టాడు, తాళాలు పెళ్లికొడుకు మేనమామ పట్టాడు. అందరికంటే బాగా కొట్టింది మేనమామే.

“నువ్వు రానినాడు గిది ఎవడు ఊదాలె?” అన్నాడు ఉస్తాద్.

“నేను రాని రోజు ఉండదు ఉస్తాద్.”

ఆయన నన్నే చూశాడు. నోరు జారి అన్నదాన్ని వెనక్కు తీసుకోవచ్చు. ఇది అట్లా అన్నది కాదు. భయంతో, గట్టిగా, అందరి ముందూ అన్నాను.

“సరే. మాట ఇచ్చినవ్. ముహూర్తాలు మొదలైనంక మొదటి బరాత్‌ల చూస్త. స సరిగ్గ రాకుంటే తాళాలు,” అన్నాడు.

నాకు ఐదు వారాలు దొరికాయి. ఫలక్‌నుమాలో మా ఇల్లు రెండు గదులు. ఇంట్లో ఊదితే గోడ అవతలివాళ్లు గోడ కొడతారు, అదీ తాళం తప్పి కొడతారు. అందుకని మా అన్న బర్రెల కొట్టంలో ఊదేవాణ్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. బర్రెలకు చెవులు బాగానే ఉన్నాయి, నేను ఊదేది వాటికి అక్కర్లేదు, అంతే. మా అన్న మటుకు రోజూ వచ్చి, “పాలు తగ్గినయనుకో, నీ బాజాలనే పిండుత,” అని పోయేవాడు. పాలు తగ్గలేదు. రి కూడా తగ్గలేదు. ముప్ఫై ఏళ్ల అలవాటు వేలిని వాల్వు మీద పడనివ్వడం లేదు.

చివరికి దారి చూపింది మా ఆవిడ. ఆమెకు సంగీతం రాదు. కానీ పిల్లలకు ఎక్కాలు బట్టీ పట్టించిన మనిషి. నేను అన్నం తింటుంటే పొయ్యి దగ్గర నుంచి ఉన్నట్టుండి “స!” అని అరిచేది. నేను చూపుడువేలు పళ్లెం అంచు మీద నొక్కాలి. “ప!” అంటే వేలు తీయాలి. గడ్డం గీసుకుంటుంటే స. చెప్పులు వేసుకుంటుంటే ప. ఒకరోజు షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు ఆమె మెల్లగా “స” అంది. నా వేలు పక్కాయన మోకాలి మీద పడింది. “ఏందన్నా?” అన్నాడు. “స” అన్నాను. ఆయన తర్వాతి స్టాపులో దిగిపోయాడు. అది ఆయన స్టాపే అని నా నమ్మకం.

మొదటి బరాత్, అంటే పెళ్లికొడుకు ఊరేగింపు, సందె వేళకు బయలుదేరింది. మేం పదకొండు మందిమి, ఒకే రంగు కోట్లు. నా కోటు మటుకు ఆస్పత్రి తర్వాత వదులైంది. మొదటి గల్లీలో రెండుసార్లు రి పలికింది. రెండుసార్లూ ఉస్తాద్ ఊదుతూనే తల తిప్పి చూశాడు. మూల మలుపు దగ్గర పటాకులు పేలి ఉలిక్కిపడ్డాను, ఇంకో రి. ఫంక్షన్ హాలు మెట్ల దగ్గర, ఇక అయిపోయింది కదా అని సంతోషపడ్డాను, నాలుగో రి. మిగిలిందంతా స, ప. ఆయాసం రాలేదు. గంటన్నర నడిచి, ఊది, నా కాళ్ల మీద నేను నిలబడి ఉన్నాను.

చాయ్ దగ్గర ఉస్తాద్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

“చార్ బార్,” అన్నాడు.

“హౌ ఉస్తాద్. నాలుగుసార్లు.”

“చార్ కా బాజా గద,” అని చాయ్ ఊదుకుని తాగాడు. తాళాల మాట ఎత్తలేదు.

నేను రాని రోజు ఉండదన్న మాట ఏడాదిన్నర నిలబెట్టాను. దగ్గు ఉన్నా పోయాను, మేనకోడలి సీమంతం ఉన్నా పోయాను. వేరేవాడు ఊదలేని బాజా ఉంటే మన చోటు ఎవడూ తీసుకోడు, నిజమే. మనం ఆ చోటు వదిలి పక్కకు పోలేం, అది కూడా నిజమే. ఈ రెండో సంగతి కొనేటప్పుడు నాకు తోచలేదు. మొన్న మాఘంలో ఒక ముహూర్తం రోజు పొద్దున్నే జ్వరం కాసింది. డాక్టరమ్మ చీటీ అలమారాలోనే ఉంది. మా ఆవిడ దాన్ని తీసి నా ముందు పెట్టింది. గోలీ వేసుకుని కోటు తొడుక్కున్నాను. ఆమె ఆ చీటీని మళ్లీ మడిచి లోపల పెట్టింది.

రెండో గల్లీ దాకా బాగానే ఊదాను. తర్వాత దగ్గు మొదలై ఆగలేదు. మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. బ్యాండు కొంచెం ముందుకు పోయాక బాస్ లేదని ఉస్తాద్‌కు తెలిసింది. పాటను రెండో క్లారినెట్ వాడికి అప్పజెప్పి వెనక్కు నడిచి వచ్చాడు. నా మెడ మీద చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి వెంటనే తీసేశాడు. తిట్టలేదు. ఆటో పిలిచి, నన్నూ బాజానూ ఎక్కించి, మా ఇంటి గుర్తులు డ్రైవరుకు రెండుసార్లు చెప్పి, మళ్లీ బరాత్ దిక్కు పోయాడు. పెళ్లి బాస్ లేకుండానే అయిపోయింది.

ఇక నాకు తాళాలే అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత, మంగళవారం మధ్యాహ్నం, ఉస్తాద్ మా ఇంటికి వచ్చాడు. ఇరవై ఏళ్లలో మూడోసారి రావడం.

“బాజా ఏది?” అన్నాడు.

సేటుకు వాపసు ఇచ్చేయమంటాడని అర్థమైంది. లోపలి నుంచి తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. నోటి దగ్గర పెట్టుకుని, తీసి, కట్టుడు పళ్లు సర్దుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

“నేర్పు,” అన్నాడు.

“మీకెందుకు ఉస్తాద్ గిది? ఈ ఉమ్మర్‌ల?”

“రాని రోజు ఉండదని నీతోని అనిపిచ్చింది ఎవరు? నేను. జరంల గుంజుకొచ్చింది ఎవరు? నేనే. నువ్వు పండుకోవాల్నంటే ఎవడన్న ఊదాలె గద, మియా.”

నీళ్లు తెస్తానని లోపలికి పోయి ఏడ్చాను. నీళ్లు మా ఆవిడ తీసుకుపోయి ఇచ్చింది.

ఉస్తాద్‌కు రెండున్నర నెలలు పట్టింది. ప్రతి మంగళవారం వచ్చేవాడు. ఆయన తప్పును ఎత్తి చూపడానికి నేను జంకితే, “నేను నిన్ను గిట్లనే ఇడిసిపెట్టిన్నా?” అని గదమాయించేవాడు. విడిచిపెట్టలేదు, వెదురుబెత్తం ఉండేది. నా దగ్గర బెత్తం లేదు కాబట్టి, “మళ్లా, ఉస్తాద్,” అనేవాణ్ని. ఆయన మళ్లీ ఊదేవాడు.

ఈ శ్రావణంలో జ్వరం వచ్చింది. ఆ రోజే ఒక పెళ్లి. పొద్దున ఫోన్ చేసి, “ఉస్తాద్, జరమొచ్చింది, నేను రాను,” అన్నాను. ముప్ఫై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. “పండుకో,” అని ఆయన పెట్టేశాడు. బాజాను ఎవరో వచ్చి తీసుకుపోయారు. పడుకున్నాను. బరాత్ బయలుదేరే వేళకు మెలకువ వచ్చింది. ఫలక్‌నుమాకు శాలిబండ వినబడదు. అయినా చెవి పెట్టే పడుకున్నాను.

మర్నాడు బాజాను ఆయనే తెచ్చి ఇచ్చాడు. మంచం పక్కన కుర్చీలో కూర్చుని చాయ్ తాగాడు. రి ఎన్నిసార్లు పలికిందో నేను అడగలేదు.

“ఎట్లయింది ఉస్తాద్?”

“బాస్ వాడు ఆఖర్ల నడవాలె గద. నేను నలభై ఐదేండ్లు ముంగట్నే నడిచిన. ముంగట నడిస్తే ఒక్క నా క్లారినెట్టే ఇనబడుతది. ఎనకకెళ్లి బ్యాండు మొత్తం ఇనబడుతది.” గ్లాసు కింద పెట్టి నా దిక్కు చూశాడు. “మస్తుంటది. ఇన్నేండ్లు చెప్పలేదేంది మియా?”